గోదావరి మొగల్లో మూపురం డాల్ఫిన్: ఎక్కడ, ఎప్పుడు

జనవరిలో కోరంగి నుంచి హోప్ ఐలాండ్‌కు పడవలో వెళుతుండగా నాలుగైదు బూడిద రంగు డాల్ఫిన్‌లను చూశామని, వాటి వీపు మధ్యలో ఎత్తుగా మూపురం లాంటిది కనిపించిందని మీరు రాశారు. వెంట ఉన్న మిత్రులు అవి చిలికాలో ఉండే ఇరావడీ డాల్ఫిన్‌లని చెప్పారని, పడవ నడిపినవారు మాత్రం చలికాలంలో తప్ప అవి ఇటు రావని చెప్పారని, ఈ రెండింటిలో ఏది నిజమని అడిగారు. మాఘమాసంలో పెద్దవాళ్ళతో, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్రకు వెళ్ళినప్పుడు వాటిని మళ్ళీ చూసే వీలుందా అన్నది మీ చివరి ప్రశ్న. కాకినాడ, భైరవపాలెం రేవుల నుంచి వేటకు వెళ్ళే పడవల్లో తిరుగుతూ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌లను కొలిచి నమోదు చేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నందువల్ల, ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను.

మీ వర్ణనను బట్టి మీరు చూసినవి మూపురం డాల్ఫిన్‌లు. ఈ జాతి డాల్ఫిన్ నీటిపైకి వచ్చే తీరు ప్రత్యేకంగా ఉంటుంది. ముందు పొడవైన ముక్కు ఏటవాలుగా బయటికి వస్తుంది, తరువాత నుదురు కనిపిస్తుంది, ఆ తరువాత వీపు విల్లులా వంగి మూపురం, దాని మీద చిన్న రెక్క పైకి లేస్తాయి, లోతుకు మునిగేటప్పుడు కొన్నిసార్లు తోక కూడా గాలిలోకి వస్తుంది. ఇరావడీ డాల్ఫిన్‌కు ముక్కు పొడుచుకుని ఉండదు. తల గుండ్రంగా ఉంటుంది, వీపు మీది రెక్క చిన్నదిగా, మొద్దుగా, నడుముకు కాస్త వెనకగా ఉంటుంది, నీటి మీద పెద్దగా అలజడి చేయకుండా వీపు కాస్త చూపించి మునిగిపోతుంది. ఇక మన తీరంలోనే ఉండే రెక్కలేని పంది డాల్ఫిన్‌కు వీపు మీద రెక్కే ఉండదు, గరుకైన సన్నని గట్టు మాత్రమే ఉంటుంది, అందువల్ల అలల మధ్య అది కనిపించడమే అరుదు. సముద్రం లోపలికి వెళ్ళిన మరబోట్ల వాళ్ళు పెద్ద గుంపులుగా గాలిలో గిర్రున తిరుగుతూ ఎగిరే డాల్ఫిన్‌ల గురించి చెబుతారు. అవి స్పిన్నర్ డాల్ఫిన్‌లు, లోతు నీటి జీవులు. గోదావరి ముందు ఖండతీరపు అంచు, అంటే లోతు తక్కువ సముద్రం ముగిసే చోటు, ఒడ్డుకు దగ్గరగా ఉన్నందువల్ల, లోతు నీటి డాల్ఫిన్‌లు కూడా మన పడవలకు అంత దూరం వెళ్ళకుండానే ఎదురవుతాయి. అందుకే ఒకే రేవులో ఇద్దరు మత్స్యకారులు చెప్పే డాల్ఫిన్ కబుర్లు రెండు వేర్వేరు జంతువుల గురించి అయి ఉండవచ్చు. వివరాలు సేకరించేటప్పుడు చూసిన చోట నీరు ఎన్ని బారల లోతని నేను ముందుగా అడగడానికి కారణం ఇదే.

మీ మిత్రుల మాట కూడా పూర్తిగా ఆధారం లేనిది కాదు. ఇరావడీ డాల్ఫిన్‌కు ఆ పేరు బర్మా నది వల్ల వచ్చినా, శాస్త్రానికి అది మొదట తెలిసింది మన తీరం నుంచే. ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన ఒక జంతువు వివరాలను భద్రపరచగా, వాటి ఆధారంగా లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని వర్ణించాడు. అంటే ఆ జాతికి ప్రామాణిక నమూనా దొరికిన చోటు విశాఖపట్నమే. ఇప్పుడు మన దేశంలో అది స్థిరంగా కనిపించే ప్రధాన స్థలం చిలికా సరస్సు. కాబట్టి గోదావరి మొగల్లో, అంటే పాయలు సముద్రంలో కలిసే చోట్ల, గుండ్రని తల గల డాల్ఫిన్ ఎప్పుడైనా కనిపిస్తే దాన్ని కొట్టిపారేయకుండా ఫొటో తీసి పెట్టుకోవాలి. మీరు చూసినదానికి మాత్రం మూపురం ఉంది కనుక అది వేరే జాతి.

మూపురం డాల్ఫిన్ అన్నాక కూడా ఒక చిక్కు మిగులుతుంది, అది మన తీరానికే ప్రత్యేకమైనది. 2014లో శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని నాలుగు జాతులుగా విభజించారు. వాటిలో దక్షిణాఫ్రికా నుంచి అరేబియా సముద్రం మీదుగా మన దేశం వరకు ఉన్నది సౌసా ప్లంబియా, బంగాళాఖాతం నుంచి చైనా వరకు ఉన్నది సౌసా చైనెన్సిస్. మొదటిది సీసం రంగులో ఉండి పెద్ద మూపురం కలది. రెండవదానికి మూపురం ఉండదు, రెక్క అడుగు వెడల్పుగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఒళ్ళు తెల్లబడి గులాబీ ఛాయకు తిరుగుతుంది, మీద మచ్చలు పడతాయి. ఈ రెండింటి సరిహద్దు బంగాళాఖాతంలో ఎక్కడ ఉందన్నది ఇంకా చర్చలోనే ఉంది. బంగ్లాదేశ్ తీరంలోని మూపురం డాల్ఫిన్‌ల జన్యువులను పరిశీలించినవారు అవి ఈ రెండు జాతుల నుంచీ వేరుగా ఉన్నాయని 2017లో ప్రచురించారు. పైన చెప్పిన 1866 నాటి వ్యాసంలోనే ఓవెన్ వాల్తేరు దగ్గర దొరికిన మచ్చల డాల్ఫిన్ ఒకదానికి లెంటిజినోసస్ అని పేరు పెట్టాడు, ఆ పేరును ఇప్పుడు మూపురం డాల్ఫిన్‌ల కిందే లెక్కిస్తారు. అందుకే మీ ఫొటోలలో మూపురం ఎంత పెద్దదో, ఒంటి మీద మచ్చలు ఉన్నాయో లేవో స్పష్టంగా కనిపిస్తే అవి మామూలు జ్ఞాపకాల కంటే విలువైనవి. గోదావరి డెల్టా ఈ రెండు రూపాల మధ్య సందిగ్ధంగా ఉన్న తీరభాగంలో ఉంది, ఇక్కడి ప్రతి మంచి ఫొటో ఆ చర్చకు పనికివస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్లంబియాను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా, చైనెన్సిస్‌ను హాని పొందే అవకాశమున్న (వల్నరబుల్) జాతిగా వర్గీకరించింది.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. మూపురం డాల్ఫిన్ ఎక్కడున్నా ఒడ్డును విడిచి వెళ్ళదు. సాధారణంగా ఇరవై, ఇరవై అయిదు మీటర్ల కంటే తక్కువ లోతున్న నీటిలో, ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల లోపలే జీవితమంతా గడుపుతుంది. బురద నీరంటే దానికి ఇబ్బంది లేదు, ఎందుకంటే శబ్దాన్ని పంపి దాని ప్రతిధ్వనితో చేపను పసిగడుతుంది. నదులు సముద్రంలో కలిసే చోట్లు, మడ అడవుల కాలువల ముఖాలు, ఇసుక మేటల అంచులు దానికి ఇష్టమైన తావులు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలుగా సముద్రంలో కలిసే ఈ తీరమంతా అలాంటి తావులే. వీటిలో అన్నిటికంటే అనువైనది కాకినాడ ఉప్పుటేరు ముందున్న అఖాతమని నా అభిప్రాయం. గత రెండు శతాబ్దాలలో గోదావరి తెచ్చిన ఇసుకతో ఉత్తరంగా పెరుగుతూ వచ్చిన హోప్ ఐలాండ్ దానికి తూర్పున అడ్డుగా నిలిచింది, పడమరన, దక్షిణాన కోరంగి మడ అడవుల నుంచి కాలువలు వచ్చి కలుస్తాయి, ఓడల దారి తప్పిస్తే చాలా భాగం లోతు కొద్ది మీటర్లే. కొయ్యింగలు, గొరసలు, జెల్లలు, కవళ్ళు, అంటే డాల్ఫిన్ తినే చేపలన్నీ ఆ మడ అడవుల చలవతోనే అక్కడ పెరుగుతాయి. నేను ఎక్కువగా చూసిన చోట్లు హోప్ ఐలాండ్ ఉత్తర కొన దగ్గరి నీళ్ళు, గాడేరు కాలువ అఖాతంలో కలిసే చోటు, భైరవపాలెం ఎదుట గౌతమి మొగ. దక్షిణాన ఓడలరేవు దగ్గర వైనతేయ మొగ, అంతర్వేది దగ్గర వసిష్ఠ మొగ కూడా తగిన తావులే, కాని అక్కడ సముద్రం తెరిచి ఉంటుంది కాబట్టి చూడటం కష్టం.

నదిలో పైకి ఎంతవరకు వెళతాయని చాలామంది అడుగుతారు. గోదావరిలో నది డాల్ఫిన్ లేదు. మన జాతీయ జలచరంగా ప్రకటించిన డాల్ఫిన్ గంగా, బ్రహ్మపుత్ర నదీ వ్యవస్థలకు చెందినది, దానికి మన నదితో సంబంధం లేదు. మూపురం డాల్ఫిన్ మాత్రం ఉప్పునీరు పైకి ఎక్కినంత మేర, చేపల వెంట పాయలలోకి వచ్చి వెళ్ళగలదు. యానాం ఎదుట గౌతమిలో డాల్ఫిన్‌ను చూశామని ఎవరైనా చెబితే నేను మొదట ఏ నెలలో అని అడుగుతాను, వేసవి అని చెబితే ఆ మాటను తేలికగా తీసుకోను.

ఇక్కడే అసలు విషయం వస్తుంది. ఈ జంతువు ఏ నెలలో ఎక్కడ ఉంటుందో తెలియాలంటే చూడవలసింది పంచాంగాన్ని కాదు, ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య హద్దును. గోదావరి ఏడాది పొడవునా సముద్రానికి ఇచ్చే నీటిలో అత్యధిక భాగం వానాకాలంలోనే వస్తుంది. వరదల రోజుల్లో ధవళేశ్వరం గేట్లన్నీ ఎత్తేస్తారు. 2022 జూలైలో అక్కడి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి సమయంలో గౌతమి మొగ దగ్గర నీరు తియ్యగా మారిపోతుంది, ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం పరుచుకుంటుంది. మంచినీరు తేలిక కనుక పైన తేలుతూ ఉంటే ఉప్పునీరు కింద ఉంటుంది. సముద్రపు డాల్ఫిన్‌లు మంచినీటిలో ఎక్కువ రోజులు ఉంటే చర్మం మీద పుండ్లు పడతాయని ఇతర జాతుల విషయంలో బాగా తెలిసిన సంగతే. కాబట్టి వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు అవి పాయలను, మొగ లోపలి భాగాన్ని విడిచి ఎర్రనీటి అంచుకు జరుగుతాయి. వాటి తిండి కూడా ఆ అంచునే దొరుకుతుంది, ఎందుకంటే మట్టినీరు, నీలినీరు కలిసే గీత వెంట చిన్న చేపలు గుమిగూడతాయి. ఆ గీతను గట్టు మీద నుంచి చూడలేం. ఆగస్టులో మొగలో ఒక్క డాల్ఫిన్ కూడా కనిపించకపోతే అవి ఊరు విడిచి వెళ్ళాయని కాదు, హద్దుతోపాటు బయటికి జరిగాయని అర్థం చేసుకోవాలి. అదే సమయంలో పులస ఎర్రనీటికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. సముద్రం వైపు నుంచి వచ్చే ఆ చేపల దారిలో డాల్ఫిన్‌లు కూడా ఉంటాయని పులస వేటకు వెళ్ళేవారి నోట విన్నాను, అది నాకు సహజంగానే తోస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో నది తగ్గుతుంది, కాని అదే తుపానుల కాలం కనుక వరుసగా చూడటం కుదరదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొద్దుటి పూట అఖాతం అద్దంలా ఉంటుంది, నీరు కొంత తేటపడుతుంది, మడ కాలువల్లో ఉప్పదనం మధ్యస్థంగా ఉంటుంది. మీరు చూసిన కాలం ఇదే. మార్చి నుంచి మే వరకు బ్యారేజీ దిగువకు నీరు దాదాపు రాదు, సీలేరు నుంచి వచ్చే నీరు కూడా దాళ్వా (రెండో పంట వరి) సాగుకే సరిపోతుంది. ఉప్పునీరు పాయల్లోకి పైపైకి ఎక్కుతుంది, యానాం దాటి కూడా పోతుంది. ఏడాదిలో డాల్ఫిన్‌కు లోపలి నీళ్ళు అత్యంత విశాలంగా తెరిచి ఉండే కాలం ఇదే. కాని మధ్యాహ్నం కాగానే దక్షిణపు గాలి లేచి నీటిమీద తెల్లని నురగలు కడుతుంది, అప్పుడు పక్కనే తేలిన డాల్ఫిన్ కూడా కనిపించదు.

పడవ నడిపినవారు చలికాలంలో తప్ప రావని చెప్పడానికి కారణం ఈ చివరి మాటలోనే ఉంది. వారి అనుభవం నిజమే, దాని నుంచి తీసిన ముగింపు మాత్రం సరికాదు. చలికాలంలో సముద్రం నిశ్చలంగా ఉంటుంది, పర్యాటకులు వస్తారు, పడవలు రోజూ హోప్ ఐలాండ్‌కు తిరుగుతాయి, అంటే చూసే కళ్ళు ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం ఉంటుంది కనుక ఆ రెండు నెలలు సముద్రం మీద మనుషులే తక్కువ. జూన్ తరువాత అలలు పెద్దవి. చూసినవారి లెక్కలో చలికాలం ఎక్కువగా కనబడటానికి ఇంతకంటే వేరే కారణం అవసరం లేదు. ఒకే ప్రాంతాన్ని విడవకుండా వాడుకోవడం, తల్లులు పిల్లలతో అవే తావులకు తిరిగి రావడం ఈ జాతి గురించి ఇతర తీరాల్లో ఫొటోల ద్వారా తేలిన విషయాలు. రెక్క మీది చీలికలు, మచ్చల ద్వారా ఒక్కొక్క డాల్ఫిన్‌ను గుర్తుపట్టే ఆ పద్ధతిని మన అఖాతంలో ఏడాది పొడవునా పాటించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, ముఖ్యంగా ఎవరూ చూడని మే, జూన్, ఆగస్టు నెలల్లో. చలికాలపు ఫొటోలు ఎన్ని పోగైనా ఈ లోటు తీరదు.

రోజులో వేళ కూడా ముఖ్యమే. అమావాస్య, పున్నముల చుట్టూ ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది. పోటు వేళ నీరు మడ అడవుల్లోకి నిండుతుంది, దానితో చేప లోపలికి వెళుతుంది. పాటు తీసేటప్పుడు ఆ నీరంతా ఇరుకైన కాలువల గుండా బయటికి పరుగెత్తుతుంది, చేప కూడా దానితోపాటు రాక తప్పదు. ఆ కాలువ ముఖం దగ్గర, నీరు తీయడం మొదలైన తరువాత ఒకటి రెండు గంటలు వేచి ఉంటే డాల్ఫిన్ కనిపించే అవకాశం ఎక్కువ. అలివి వలలు లాగేవారు, కాలువ ముఖాల్లో వలలు కట్టేవారు కూడా ఆ వేళకే ఆ చోటికే వస్తారు. ఈ జంతువుకు ప్రమాదం ఎక్కడ ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఒడ్డుకు దగ్గరగా పరిచే సన్నని నైలాన్ గిల్ నెట్‌లలో చిక్కుకుని ఊపిరి అందక చనిపోవడమే మూపురం డాల్ఫిన్‌లకు ప్రపంచమంతటా పెద్ద ముప్పు. ఆడ డాల్ఫిన్ పిల్లను కనే వయసుకు రావడానికే పదేళ్ళ దాకా పడుతుంది, కాన్పుకు ఒక్క పిల్ల, రెండు కాన్పుల మధ్య సుమారు మూడేళ్ళు. చిన్న గుంపులో ఏడాదికి ఒకటి రెండు పోయినా ఆ లోటు పూడదు. దీనికి మత్స్యకారులను నిందించడం న్యాయం కాదు, చిరిగిన వల నష్టం వారిదే. బతికి ఉన్న డాల్ఫిన్‌ను వల కోసి వదిలిన కుటుంబానికి వల ఖరీదు చెల్లించే ఏర్పాటు ఉండాలని నేను ఎప్పటినుంచో చెబుతున్నాను.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ కనిపిస్తే దాన్ని వెంటనే పూడ్చేయకండి. డాల్ఫిన్‌లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కనుక అటవీ శాఖకు తెలియజేయాలి, మాంసం గాని పళ్ళు గాని తీసుకోకూడదు. వాళ్ళు వచ్చేలోగా పక్క నుంచి మొత్తం శరీరం ఒక ఫొటో, రెక్కకు దగ్గరగా ఒకటి, నోరు తెరిచి పళ్ళు కనిపించేలా ఒకటి తీయండి. ముక్కు కొన నుంచి తోక నడిమి గాటు వరకు తిన్నగా తాడు పట్టి కొలవండి, శరీరం వంపు వెంట కొలవకూడదు. ఎదిగిన మూపురం డాల్ఫిన్ రెండున్నర మీటర్ల పైచిలుకు ఉంటుంది, పుట్టిన పిల్ల మీటరు ఉంటుంది. పళ్ళు మొనదేలి ఉంటే డాల్ఫిన్, చిన్న పారల్లా చదునుగా ఉంటే రెక్కలేని పంది డాల్ఫిన్. శరీరం కుళ్ళిపోయి రంగు గుర్తించలేని స్థితిలో కూడా పళ్ళ ఫొటో ఒక్కటే విషయం తేల్చేస్తుంది.

మీ యాత్ర సంగతి. చొల్లంగి అమావాస్య నాడు చొల్లంగిలో మొదలై మాఘశుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగిసే ఈ యాత్ర, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నింటినీ చలికాలపు చివరి నిశ్చలమైన రోజుల్లో వరుసగా చూపిస్తుంది. డాల్ఫిన్‌లను చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి దారి, మంచి కాలం నాకు తెలియవు. చొల్లంగి స్నానం తరువాత వీలైతే మర్నాడు ఉదయం కోరంగి నుంచి అఖాతంలోకి పడవ మాట్లాడుకోండి. అమావాస్య దగ్గరి రోజు కనుక పాటు బలంగా ఉంటుంది, ఆ వేళ ఎప్పుడో పడవవారినే అడిగి బయలుదేరండి. డాల్ఫిన్ కనిపించగానే ఇంజను వేగం తగ్గించి, గుంపుకు ఎదురుగా గాని మధ్యలోకి గాని పోకుండా, యాభై మీటర్లకు పైగా దూరంగా పక్కన సాగమని ముందే చెప్పి ఒప్పించుకోండి. ఈ జాతి పడవ ముందు ఆడుకుంటూ రాదు, తరిమితే మునిగి మరోచోట తేలుతుంది, పిల్ల ఉన్న తల్లి ఆ తావునే విడిచిపోవచ్చు. అంతర్వేదిలో అయితే పడవ అవసరం లేదు. సముద్రం, వసిష్ఠ కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర పొద్దున్నే, గాలి లేవక ముందు, సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకునేలా నిలబడి, పాటు తీసేటప్పుడు మట్టినీటి గీత వెంట బైనాక్యులర్‌తో నెమ్మదిగా చూడండి. మొత్తం నీటిని ఒకేసారి చూడాలని ప్రయత్నించకుండా ఒక ముక్కను కనీసం అయిదు నిమిషాలైనా చూసి అప్పుడు పక్కకు జరగండి, ఎందుకంటే అవి మునిగితే కొన్ని నిమిషాల వరకు పైకి రావు. కనిపించినా కనిపించకపోయినా తేదీ, వేళ, పోటా పాటా, ఎంతసేపు చూశారో రాసి నాకు పంపండి, కనిపించని గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.